ఆరు బండలు

కంబగిరి ఇంటి ముందర ఆరు బండలు.
ఫొటో ఎవరు తీసినారో తెలీదు,
నా దాకా వచ్చేసరికే చేతులు మారీ మారీ
అంచులు మసకబారిండాయి.

నంద్యాల లోడులో తొమ్మిది తక్కువొచ్చిన వారమది.
తొమ్మిదికీ ఆరుకీ లెక్క కుదరదని
బేతంచెర్లలో ఒకరికీ తట్టలా.
బండలు లెక్కపెట్టి బతికే ఊరు మాది.

‘నాపరాయి మిత్రులు’ గుంపులో
మొదట ఒకడు దండం బొమ్మ పెట్టినాడు.
ఇంకొకడు: పేరెందుకులే, అందరికీ తెలిసిందే.
మద్దయ్య శెట్టి గొంతు పంపినాడు, రెండు నిమిషాలది,
అందులో నిమిషంన్నర దగ్గే.
నేను బొటనవేలు పెట్టినా.
ఒక్క మాట రాయలా.
ఆ రాత్రికి నలభై మూడు బొటనవేళ్లు.

తొమ్మిదీ పదికి వాణ్ని తీసేసినారు.
పంచాయితీ లేదు, పెద్దమనిషి లేడు,
‘ఏమబ్బా, ఏం కథ?’ అని అడిగే నోరు లేదు.

తెల్లారి వాని క్లీనరు రాలా.
డీజిల్ బంకులో ఖాతా పుస్తకం కనపడలా.
హుసేనమ్మ పాలకేంద్రం కాడికి పోతే
ముందరున్నామె, వెనకున్నామె
కొంచెం జరిగి నిలబడినారంట.
చోటిచ్చినట్టే. మర్యాదగానే.

ఇంగ, చెప్పనిది ఒకటుండాది.
ఆ ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చూసినా.
మూడో బండకు మూల నుంచి మూలకు పగులు.
ఐదోదానికి అంచే లేదు.
పగిలింది లోడుకెక్కదు,
కూలీ కింద తోసేస్తారు.
పాలిష్ మిషను కాడ ఇరవై ఏండ్లు తడిసినోణ్ణి,
నాకు తెలీదా?
పగులు చూసినాకనే
బొటనవేలు పెట్టినా.

నెల తిరగ్గానే తొమ్మిదీ నంద్యాలలోనే దొరికినాయి,
రాసినోడు పేజీ తిప్పలేదంట.
గుంపులో ఎవరో నవ్వు బొమ్మ.
కంబగిరిని మళ్లీ చేర్చినారు.
వాడు పోలా, మాట్లాడలా.
ఎవరేం రాసినా చదువుతాడు, అంతే.
గీతలు నీలంగా మారడం మాత్రం చూస్తాంటాం.

మొన్న డోన్ గేటు కాడ మోపెడ్ ఆపితే
పక్క లారీలో వాడే.
కిందికి వంగి,
‘పాపకు జరం తగ్గిందా?’ అన్నాడు.
గుంపులోనే రాసింటి ఆ సంగతి.
తగ్గిందన్నా.

ఇంకేదో నాలుక మీదికొచ్చింది,
సరుకు రైలు అడ్డమొచ్చింది.
పెట్టెలు లెక్కపెడతా నిలబడినా,
నలభై మూడు కాడ
తల తిప్పుకున్నా.