పాడైన కాపీ

రుయా ఆసుపత్రి గేటుకెదురుగా
పద్దెనిమిదేళ్లుగా జిరాక్సు కొట్టు నాది.
మొన్న తెల్లకోటు పిల్లొకతి వచ్చి
రెండు పేజీలు చేతిలో పెట్టి
"ముప్పై సెట్లన్నా, తొందరగా" అనింది.
ఇరవై తొమ్మిది సరిగ్గా వచ్చినాయి.
ముప్పయ్యోది వంకరగా పడింది.
నేనప్పుడు అంబులెన్సు వెనక పరిగెత్తే
కుక్కను చూస్తా ఉన్నాను.

పాడైన కాపీలు పారేయను.
వెనకవైపు లెక్కలు రాసుకుంటాను.
లెక్కలు రాసుకున్నవి పారేసుకుంటాను.

రాత్రి షట్టరు సగం దించి
కాగితం తిప్పితే పైన అచ్చు:
పెద్దవాళ్లలో ఏడీహెచ్‌డీ, మిమ్మల్ని మీరే చూసుకోండి.
పిల్లోళ్లకు కదా అది అనుకుంటానే చదివినాను.
మొదలుపెట్టిన పని, చివరి కొంచెం దగ్గర ఆగిపోతుందా?
ఎన్నడూ లేదు. అరుదుగా. అప్పుడప్పుడు. తరచుగా. ఎప్పుడూ.

చివరి కొంచెం.
మా ఇంట్లో మూడు గోడలకే సున్నం.
నాలుగో గోడకు దేవసేన క్యాలెండర్లు తగిలించింది,
తొమ్మిది, అన్నీ వేరే వేరే సంవత్సరాలవి.
పదో తరగతి లెక్కల పరీక్షలో
ఆఖరి పేజీ తిప్పడం మరిచినాను.
జ్ఞానప్రకాశం సారు చెవి మెలిపెట్టి
"బుర్ర ఉండాదిరా నీకు, అద్దెకిచ్చేసినావు" అన్నాడు.
అప్పట్నించీ అద్దె వసూలుకు తిరుగుతా ఉన్నాను.

రెండోది, వస్తువుల గురించి.
టీవీఎస్ తాళం. తాళం దొరికితే టీవీఎస్.
లీలామహల్ సర్కిల్లో బండి పెట్టి నడిచి ఇంటికొచ్చి
బండి పోయిందని స్టేషన్‌కు పోయినాను ఒకసారి.
రైటరు పెన్ను మూత తీసి "యాడ పెట్టినావు?" అన్నాక
గుర్తొచ్చింది.

మూడోది చదివేలోపు ఫ్యాను కిర్రుమంది.
స్టూలెక్కినాను. స్టూలు మీంచి టోనరు డబ్బా కనిపించింది,
నెల కింద వెతికింది.
దాన్ని సర్దేసరికి తొమ్మిదిన్నర.
కాగితం యాడ?
స్టూలు కాలి కింద.

ఎదురుగా ఉండి మాట్లాడేవాళ్ల మాట వినడం కష్టమవుతుందా?
దీనికి జవాబు దేవసేన రాయాల.
వాళ్ల నాయన పోయిన రాత్రి ఆమె చెప్తా ఉంటే
వెనక గోడ మీద ఈగ కోసం
బల్లి ఊపిరి బిగబట్టడం చూసినాను.
ఆ ఈగ ఎటు పోయిందో ఇప్పుడడిగినా చెప్పగలను.
ఆమె చివరి మాట చెప్పలేను.
వంక దొరికిందని కాదు
నేనక్కడ టిక్కు పెట్టింది.

చిన్నప్పుడు గంగజాతరకు నేనూ వేషం కట్టినాను.
సుద్ద, కుంకుమ, బొగ్గు, గంధం,
రోజుకొకటి, నీళ్లు పోసుకుంటే పోయేవి.
ఇంకో వేషం ఉండాది, దానికి డప్పు కొట్టరు:
వింటా ఉన్నట్టు తలూపేవాడు,
అరచేతిలో రాసుకుని గుర్తున్నట్టు నటించేవాడు,
ఆలస్యమైపోతుందని భయపడి
గంట ముందే పోయి పెళ్లివారి కుర్చీలు లెక్కపెట్టేవాడు.
నలభై మూడేళ్లొచ్చినాయి. కడిగే నీళ్లు దొరకలేదు.

ఆ రెండు పేజీల్లో యాడా
'సోమరి' అనే మాట లేదు.
రెండుసార్లు వెతికినాను.
'నిలకడ లేనోడు' లేదు, 'పనికిమాలినోడు' లేదు.
నన్ను ఇన్నాళ్లూ పిలిచిన పేర్లు లేకుండానే
నా గురించి ఇంత ఎట్లా తెలిసింది?

అడుగున చిన్న అక్షరాలు, వంకరలో తెగిపోయి:
ఈ జవాబులతోనే ఉందని తేల్చుకో—
మిగిలింది కాగితం అంచు మింగేసింది.
నా కొట్లో తెగిన వాక్యమే.
మార్కులు కూడలేదు. చివరి కొంచెం కదా.

పొద్దున తెల్లకోటు పిల్ల మళ్లీ వచ్చింది.
"అన్నా, ఒక సెట్టు తక్కువొచ్చింది."
కొత్తది తీసిస్తా తెగిన వాక్యం పూర్తిగా చదివినాను:
తేల్చుకోవద్దు, డాక్టరును కలవండి.
"ఓపీ చీటీ ఎన్ని గంటల దాకా ఇస్తారు పాపా?"
"పదకొండు. ఎవరికన్నా?"
అరచేతిలో పదకొండు రాసుకున్నాను.

ముప్పై అడుగుల రోడ్డు.
షట్టరు దించి దాటినాను.
దాటినాక గుర్తొచ్చింది, సగమే దించినానని.
వెనక్కొచ్చి మిగతా సగం దించినాను.
మళ్లీ దాటినాను.