ఎల్లుబాయి గడ్డ

కొలత టేపు మెడలుండంగనే డాబా ఎక్కుత.
మౌలాలి గుట్ట మీద ఎండ ఇంకా దిగలే,
నీళ్ల ట్యాంకు నీడ మాత్రం
థర్మకోల్ డబ్బాల దాక జరిగొచ్చింది.
చేపలొచ్చిన డబ్బాలు. ఎంత కడిగినా వాసన పోదు.
ఉల్లికి ఆ పట్టింపు లేదు.

మలక్‌పేట గంజిల గడ్డలేరే ఎల్లుబాయి
జాకెట్టు కుట్టించుకొని, పైసలకు బదులు
కొంగు ముడి విప్పింది ఒకనాడు.
ఏడు గడ్డలు. బిళ్లల లెక్క చదును,
బాగ మాగిన రేగుపండు రంగు.
"ఇవి లారీలల్ల రావు. మా తండావి.
తినకు, పెట్టు."
నేను ఒకటి తిన్న.
జొన్నరొట్టె పక్కన పెట్టి పిడికిలితో గుద్ది, ఉప్పద్దుకొని.
ఘాటు చెవుల దాక పాకింది.
మిగిలినవి ఆరు.

ఎల్లిగడ్డనా? అంటరు పేరు చెప్తే.
కాదమ్మా, ఎల్లుబాయి గడ్డ.

ఉల్లి తొందరగాళ్లకు కాదు.
విత్తు గడ్డయ్యేటందుకు ఒక చలికాలం,
గడ్డ కాడ తీసి, పూసి, మళ్ల విత్తయ్యేటందుకు ఇంకోటి.
ఆ నల్లటి గింజల్ని కలోంజి అనుకొని
మా ఆడబిడ్డ పోపుల వేయబోయింది.
అంత ఓపిక పట్టి తీస్తే
ఏడాది దాటంగనే సగం కండ్లు తెరవయి.
బంగారం లెక్క బీరువాల పెడ్తనంటే ఒప్పుకోదు.
దాచుకోవాలంటే పంచాలె.

పంచిన.
కరెంటు బిల్లు మడతల పక్క డాబా రహీమున్నీసాకు,
పెండ్లి పత్రిక కవర్ల సఫిల్‌గూడ దానియేలు సారుకు,
హుక్కుల డబ్బీల పాలాయన చెల్లెలికి.
నా లెక్కల పుస్తకం చివరి పేజీల
చాతీ కొలతల పక్కన చెంచా కొలతలు.

రహీమున్నీసాది ముందు నుంచే తెల్ల ఉల్లి.
అందుకే పూత దినాలల్ల
లైనింగు ముక్కలతో టోపీలు కుట్టి
నా పూలబంతులకు తొడుగుత,
తేనెటీగలు గోడ దాటొచ్చి కులం కలపకుండ.
పొద్దుగాల టోపీలెత్తి, కుంచె పట్టుకొని
నేనే తేనెటీగనైత.
"మా ఇంట్ల కూడ ఇంత పరదా లేదు ఆపా"
అని ఆమె నవ్వుతది.

ఒక ఏడు దసరా వెనుక వాన.
మూడు దినాలు. మోరీకి కవరు అడ్డంపడి
డబ్బాలు పడవలైనయ్.
కుట్టుమిషను కింద దాచిన విత్తనం
మిషనుతో పాటే మునిగింది.
గడ్డను పట్టుకుంటే వేలు లోపలికి దిగింది.

గంజికి పోయిన.
ఎల్లుబాయి గోనె మీద వేరే ఎవరో కూసున్నరు.
"ఆమె రాక రెండేండ్లాయె."
ఊరి పేరు అడగనైతి ఎన్నడూ.
జాకెట్టు కొలతలున్నయ్ నా దగ్గర, అంతే.

చివరి పేజీ తీసి ఫోన్లు.
పాలాయన చెల్లెలు "అయ్యో, పులుసుల వేసినం" అన్నది.
రహీమున్నీసా గోడ మీద చెయ్యి పెట్టి ఊకున్నది,
ఆమె డాబా కూడ మునిగిందే.
దానియేలు సారు తడిసిన స్కూటరు మీద వచ్చిండు,
జేబుల అదే పెండ్లి కవరు.
పెండ్లికూతురి పేరు చెరిగిపోయింది, పిల్లగానిది ఉన్నది.

ఉగాదికి వారం ముందు తవ్విన.
చదును గడ్డలు, ఎర్రవి, పదకొండు.
నాలుగు మాత్రం గులాబీ రంగు, జర బొద్దుగ.
"టోపీలు పెట్టలేదా సారూ?"
"నాకు కుట్టు రాదు కదమ్మా."

రాత్రంత కోపం.
తెల్లారి గులాబీది ఒకటి గుద్ది తిన్న.
ఘాటు చెవుల దాక రాలే. గొంతు కాడ్నే ఆగింది,
దాని వెనుక ఒక తీపి,
ఎవరి ఇంటిదో.

ఇప్పుడు మళ్ల పూత.
ఎర్రవాటికి టోపీలు తొడిగిన,
సారుకు కూడ అరడజను కుట్టి పెట్టిన.
గులాబీ గడ్డ ఒక్కటి
గోడ అంచున, రహీమున్నీసా వైపు ఉన్నది.
దాని నెత్తిన ఏం కప్పలే.