గోడకెక్కిన పెనం

కాజీపేట వంతెన దిగంగనే ఎడమచేతికి
నీలం రేకుల కింద ఇన్నయ్య దుకాణం.
బోర్డు మీద ‘బరగర్’ అని ఉంటుండె.
రాసింది మల్సూరు, లారీల నంబర్లు రాసేటాయన,
అచ్చరానికి రెండు రూపాయలు.
వత్తుకు ఇంకో రూపాయంటే
వత్తే వద్దన్నడట ఇన్నయ్య.
ఊరు ఊరంతా ఆ వత్తు లేకుండనే
ముప్పై ఏండ్లు పిలిచింది.

ఆ పెనం ఇంజన్ ముక్క.
షెడ్డుల బొగ్గింజన్లు తుక్కుకు పోయే కాలాన
ఫిట్టర్ ఓదేలు కోసి ఇచ్చిండు,
నాలుగు మూలలు నాలుగు తీర్లు.
నడుమ చిన్న గుంట,
యాడ కొట్టినా గుడ్డు జారి
గక్కడనే కూసుంటుండె.
రన్నింగ్ రూముల డ్రైవర్లకు వండిన చెయ్యి ఇన్నయ్యది.
టైము తప్పదు, నవ్వు తొందరగ రాదు.
ఆలుగడ్డ టిక్కీని అట్లకాడతోటి అదిమితే
పెనం ఇంక పట్టాల మీదున్నట్టే
ఆవిరి కక్కేది.
మీద ఉల్లిగడ్డ చక్రం,
పచ్చిపులుసు లెక్క పలుచని చట్నీ.
బన్ను మాత్రం, అబద్ధమెందుకు,
సోమవారం పూట శనివారందే.

ఇంకో నిజం కూడ ఉన్నది.
ఆ బల్లల మీద నేనెన్నడు కూసోలె.
టైపు నేర్చుకొని ఆరింటికి వస్తే
షాహెదా, నేను
బయట కరెంటు స్తంభం పక్కన నిలబడుతుంటిమి.
లోపల మొగోళ్లు కాళ్లు బారజాపి
బోనస్ ముచ్చట్లు, యూనియన్ లొల్లి.
మా దిక్కు చూడకుండనే ఇన్నయ్య
పేపర్ల చుట్టి కిటికీల పెడుతుండె.
ఒక్కటే. ఇద్దరి పైసలు కలిపినా ఒక్కటే.
స్టేషన్ల మెట్ల వంతెనెక్కి చెరి సగం.
షాహెదా సగం ఎప్పుడూ పెద్దది.
కింద గూడ్సుబండి పోతుంటే
వంతెన వణుకు, చట్నీ కారుడు,
నా ఓణీ మీది మరకకు
అమ్మకు ఏం చెప్పాల్నో అని ఒకటే నవ్వు.
నూనె తాగిన పేపర్ల
అవతలి దిక్కు అచ్చరాలు ఉల్టా కనవడుతుంటే
ఆ వార్తలు గట్లనే చదువుతుంటిమి.

ఇప్పుడు అద్దాల తలుపు.
తోసిన. రాలె. గుంజాల్నట.
మనుమడు జోజి నల్లటోపీ పెట్టుకున్నడు,
తాత లెక్కనే నవ్వు లేటు.
పేరు దీపాలతోటి వెలుగుతున్నది,
ఒక్క వత్తు తప్పలె.
‘ఆంటీ, గిది స్కాన్ చెయ్యాలె.’
కండ్లద్దాలు ఇంట్ల మరిచిన.
ఆయనే చదివి వినిపించిండు, తొమ్మిది రకాలు.
ఒకదానికి తాత పేరు పెట్టిండు,
దాన్లనే గుడ్డు లేదు.

అద్దం పక్కన మెత్తని కుర్చీ.
కూసున్న.
ఎవ్వరు తిరిగి చూడలె.
ఎనక బల్ల కాడ ముగ్గురు ఆడపిల్లలు
కాళ్లు మడుచుకొని
కప్పు లేచిపోయేటట్టు నవ్వుతున్నరు.
కోపం తెచ్చుకుందామని చూసిన. రాలె.
పాతదే మంచిగుండె అని
ఏ నోటితోటి అనాలె?
బయట ఆ స్తంభం గక్కడనే ఉన్నది.
ఇంత దగ్గర్నా?
అప్పుడు లోపలికి చానా దూరమనిపించేది.

బన్ను తాజాది. మెత్తగున్నది. తీపి.
సగం తిని ఆగిన.
పార్సిల్ కట్టాల్నా అని అడిగిండు.

గోడ మీద పెనం.
చుట్టూ పసుప్పచ్చ బుగ్గలు,
కింద సంవత్సరం రాసిన చీటీ,
దండ ఒక్కటే తక్కువ.
తాత ఫొటో యాడున్నదో నేను అడగలె.
జోజి పక్కకొచ్చి గొణిగిండు:
‘మూడు సార్లు తోమిచ్చిన, సోడా పోసి మరీ.
ఎండకాలం కరెంటు పోతే చాలు,
నూనె కారుతది ఆంటీ. గోడంత ఖరాబు.’

చూసిన.
గుంట కిందికెల్లి తెల్లరంగు మీద
సన్నని చార నేల దిక్కు దిగుతున్నది.
ఏలుతోటి అద్దిన.
ఎవరు చూస్తలేరు కద అని
నాలిక మీద పెట్టుకున్న.

జోజి చూడనే చూసిండు.