అరువు దమ్ము

నా పేరు లింబాద్రి.
పేరులనే గుట్ట ఉన్నోణ్ణి,
గుట్ట మీద బతుకుడు ఇంత ఆయాసమని
జబల్ అఖ్దర్ ఎక్కినంక గానీ తెల్వలే.

రెండు వేల మీటర్లు.
చెక్‌పోస్టు కాడ పోలీసు బండి టైర్లు చూస్తడు,
మనుషుల ఊపిరితిత్తులు చూడడు.
పైన హోటల్‌కు రాతిగోడలు కట్టే పని, ఐదు నెలలు.
మొదటి వారం సిమెంటు బస్తా భుజానికెత్తి
పన్నెండో మెట్టు కాడ ఆగిన.
గాలి ఉన్నది. చల్లగనే ఉన్నది.
కానీ పలుచన,
మెస్సుల నెలాఖరు పప్పు లెక్క.
ఎంత పీల్చినా నిండదు.

రాత్రిళ్లు నిద్రల ఊపిరాగి
ఉలిక్కిపడి లేస్తే
పక్క మంచం మీద సర్వర్ పాషా
అప్పటికే లేచి కూసోని ఉండెటోడు.
ఇద్దరం ఏం మాట్లాడకుండ మళ్లా పండేది.
దానిమ్మలు పూతకొచ్చే యాళ్లకు
బస్తా బస్తానే అయింది, మెట్టు మెట్టే అయింది.
ఒంట్లె ఏం మారిందో ఎవ్వలూ చెప్పలే.

చెప్పింది సోయెక్వో.
మత్రాల మా క్యాంపు గేటుకు రాత్రి కాపలా.
ఉగాండల కొండమీది ఊరు,
బడికి రోజూ ఉరుక్కుంటనే పోయినోడు.
నేను కిందికి దిగిన మూడో రోజు
లిఫ్టు చెడిపోతే, గ్యాస్ బండ ఐదో అంతస్తుకు మోసి
ఈల వేసుకుంట దిగుతున్న.
ఆపి అడిగిండు: ఇన్ని దినాలు ఎక్కడున్నవ్?

వచ్చీరాని హిందీల చెప్పిండు.
"పైన గాలి తక్కువ. నీ నెత్తురు భయపడ్డది.
భయపడి పిల్లల్ని పెట్టింది, ఎర్రటి పిల్లల్ని.
కింద గాలి మస్తు. ఇప్పుడు ఇద్దరి దమ్ము నీది."
గేటు తాళం తిప్పి, మళ్లా అన్నడు:
"మూడు వారాలు. తర్వాత ఒళ్లు లెక్క చూసుకుంటది."

చీటీ అన్నట్టు.
నెలనెలా ఆయాసంతోటి కట్టి
సముద్రం కాడ ఎత్తుకునుడు.

వీసా మెడికల్‌ల నర్సు కాయితం చూసి
"సిగరెట్లు తాగుతవా?" అన్నది.
పదిహేనున్నర. పోయినసారి పద్నాలుగు.
లేదని తలకాయ ఊపిన.
ఏడేండ్ల నుంచి జీతం పెరగలే,
ఏదో ఒకటి పెరిగింది గదా అని
కాయితం మడిచి పర్సుల పెట్టుకున్న.

శుక్రవారం క్యాంపుల నడుమ పోటీ,
కొర్నిష్ మీద ఐదు కిలోమీటర్లు,
మొదటోనికి యాభై రియాళ్లు.
పాషా బూట్లు ఒక సైజు పెద్దవి,
ముందట గుడ్డపేలికలు కుక్కిన.
ఆ వారం తెల్లారగట్ల నేను ఉరికిన ఉరుకుడు!
చేపల మార్కెట్ దాటి, పడవలు దాటి,
ఛాతిల ఎవరో తలుపులన్నీ తెరిచిపెట్టి పోయినట్టు.
వెనుక నుంచి సోయెక్వో నవ్వుకుంట,
"మెల్లగ! కాళ్లు పాతయే!"

పోటీ ఆ శుక్రవారం కాలే.
వాన పడ్డది, వాది పొంగింది, రోడ్డు మూసిండ్రు.
మర్నాటి శుక్రవారం స్పాన్సరు రాలే.
ఆ పైది ఈద్.
జీతాల కాడ అలవాటైనోళ్లం,
తారీఖు జరిగితే మేమేం అనం.
నెత్తురు మాత్రం తారీఖు జరుపదు.

నాలుగో శుక్రవారం ఉరికిన.
మూడో కిలోమీటరు కాడ
తలుపులు ఒక్కోటే పడుతున్నయని తెలిసింది.
పదకొండోణ్ణి వచ్చిన.
గెలిచినోడు చీరాల దిక్కు పిల్లగాడు,
వలలు గుంజి పెరిగినోడు,
గుట్టనేదే ఎక్కలేదంట.

సోయెక్వో నీళ్ల సీసా ఇచ్చిండు.
వాడు ఇంటికి పోయి ఎనిమిదేండ్లు.
"నీది ఎప్పుడు దిగిపోయింది?" అని అడిగిన.
"మొదటి నెలల్నే."
చాలాసేపు సముద్రం దిక్కు చూసి,
"నెత్తురు పోయింది. ఛాతి పోలే," అన్నడు,
"అది పిల్లగాడప్పుడు పెరిగింది."

మేస్త్రీ టేపు నా జేబులనే ఉండె.
కొలిచినం.
వానిది ముప్పై తొమ్మిది, నాది ముప్పై ఆరు.
నేను టేపు చుడుతుంటే
చెయ్యి పట్టి ఆపిండు,
దమ్ము పట్టి మళ్లా కొలువుమన్నడు.