వెనక అట్ట

ఆరేళ్లు నేను మినిట్స్ రాశాను.
ముజుజు ప్రసూతి నర్సుల సంఘం,
ప్రతి మూడో శనివారం రెండున్నరకి,
అంటే మూడుంపావుకి.
అధ్యక్షురాలు ప్రసంగించారు. కోశాధికారి లెక్క చెప్పారు.
చాయ్, మందాసి ఖర్చు ఆమోదించడమైనది.

నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఇచ్చారా పని.
నోట్లో నాలుక లేనిదాని చేతిలో పెన్ను పెడితే
గొడవుండదని కూడా.

రాసేవాళ్లకి ఒకటి తెలిసిపోతుంది:
ఎవరి పేరు రాయాల్సిన అవసరమే రాదో.
రెండో ఏడు నుంచి, పుస్తకం వెనక అట్ట లోపల
పెన్సిల్‌తో, నాకోసమే,
"ఇవాళ నోరు విప్పనివాళ్లు" అని ఒక వరస మొదలెట్టాను.
లికోమా దీవి నుంచి వచ్చే టెమ్వా
రాత్రంతా పడవలో, పొద్దంతా మినీబస్సులో ఊగి,
వెనక బెంచీ మీద కూర్చుని, చాయ్ తాగి వెళ్లిపోతుంది.
ఆమె పేరు పక్కన పదకొండు టిక్కులు.

వార్డులో న్యాగోండ్వే అడుగు వినపడితే
ట్రేలో కత్తెర్లు కూడా సర్దుకుని పడుకునేవి.
పెద్దరికమంటే గొంతే అనుకున్నాను చాలాకాలం.
ఒక రాత్రి కరెంటు పోయింది,
ఒక తల్లికి నెత్తురు ఆగడం లేదు.
ఆ రాత్రి న్యాగోండ్వే గొంతు ఎంత తగ్గిందంటే
వినడానికి మేమే దగ్గరికి జరిగాం.
ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచింది.
ఒక్కొక్కరికీ ఒక్కటే పని.
నాకు చెప్పింది: టార్చి. కదలనివ్వకు.

ఆమె రిటైరయింది. కుర్చీ నావైపు జరిగింది.
లిలాంగ్వేలో మూడు రోజుల శిక్షణ, ఒక ఫైలు, ఒక సర్టిఫికెట్.
ఎదుటివాళ్ల కళ్లల్లోకి చూసి మాట్లాడమన్నారు.
పెద్దవాళ్ల కళ్లల్లోకి మేం చూడం.
నుదుళ్లకేసి చూడటం సాధన చేశాను.

మార్చి నెల. రేకుల మీద వాన.
రాత్రి డ్యూటీ వాళ్లకి వ్యాను సంగతి,
ఎప్పుడూ మాట్లాడే ముగ్గురే మాట్లాడుతున్నారు.
నేను వెనక అట్ట తిప్పాను.
"టెమ్వా, మీ దీవిలో రాత్రి కాన్పులకెలా వెళ్తారు?"

ఏమీ లేదు. వాన.
నాలుగు మాటలేసి ఆ ఖాళీని పూడ్చేయాలనిపించింది.
కాన్పుల గదిలో నేర్చిందే అక్కరకొచ్చింది:
తొందరపెట్టకూడదు. అక్కడే ఉండాలి.

అప్పుడు లేచింది. వ్యాను గురించి కాదు.
"పడవ ఇంజను పాడైందని రెండు ఉత్తరాలు రాశాను.
మీరు 'ఇతర అంశాలు' అని రాసి మూసేశారు.
అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి."

హాలంతా నా నుదుటికేసి చూసింది.
మినిట్స్ రాస్తున్న వెజి, కొత్తమ్మాయి, పెన్ను ఆపింది.
రాయనా, అని కనుబొమ్మలతో అడిగింది.
రాయి, అన్నాను.
అప్పటి కార్యదర్శి పొరపాటు, అని రాయనా?
తప్పు అని రాయి.
నా గొంతు వణికింది. అది మాత్రం రాయలేదు వెజి,
మంచి పిల్ల.

తీర్మానం కాలేదా రోజు.
సగంమంది వానకి జడిసి వెళ్లిపోయారు, కోరం చాల్లేదు.
పడవ మంగళవారం గాని లేదు,
టెమ్వా మా ఇంట్లోనే పడుకుంది.
ఇద్దరం ఉప్పుచేపా న్సిమా తిన్నాం, ఇంజన్ల ధరలు మాట్లాడుకున్నాం.

అర్ధరాత్రి లేచి చూస్తే
లాంతరు ముందు పుస్తకం తిరగేసి పెట్టుకుని
వెనక అట్ట చదువుతోంది.
చూసిందని దాచుకోలేదు.
"పెన్సిలుందా?" అంది.
వరస చివర, వంకర అక్షరాలతో
నా పేరు రాసింది.
తర్వాత టిక్కులు పెట్టడం మొదలెట్టింది,
ఆరేళ్లవి,
ఒక్కొక్కటే, లెక్క తప్పకుండా.