మిగిలిన కార్డుల వెనక

పన్నెండు కార్డులు చాలన్నది నూకరత్నం.
ఛత్తాబజార్ల వందకు తక్కువ ఎవరూ కొట్టరు.
ఎనభై ఎనిమిది నా సొరుగులనే ఉండిపోయినయ్,
పసుపు అంచు, నడుమ రెండు పేర్లు.
ఆమెకు నలభై ఎనిమిది, జోగారావుకు యాభై ఆరు.
ముహూర్తం ఉండే జాగల
"పదకొండు గంటలకు, సాలూరు రిజిస్ట్రారు ఆఫీసు" అని
అచ్చుతప్పులు నేనే దిద్దిన.

ఇప్పుడు ఆ కార్డుల వెనకే రాస్తున్న
వాళ్ళిద్దరి హైదరాబాదు.

తొమ్మిదేండ్ల కింద అరకు రైల్ల
కిటికీ సీటు నాకిచ్చి, జీడిపప్పు పెట్టిన మనిషి.
నిన్న ఫోన్ల అన్నది:
"రెండున్నర రోజులే ఒదినా,
ఆయనెప్పుడూ రాలేదు, నేనూ రాలేదు,
ఏటి సూడాలో నువ్వే సెప్పు."

పొద్దుగాల సికింద్రాబాదుల దిగుతరు.
ఆటోలోళ్ళు మీద పడ్తరు, ఆగకుండ్రి.
రోడ్డు దాటి ఇరానీ హోటల్ల కూసోండ్రి.
వన్ బై టూ అంటే
ఒక్క చాయ్ రెండు కప్పులల్ల పోస్తరు,
ఈడ ఎవరూ నవ్వరు.
బిస్కెట్టు ముంచి మాటల్ల పడొద్దు,
సగం కప్పులనే ఉండిపోతది.

చార్మినార్: నూట నలభై తొమ్మిది మెట్లు.
రాసిన. కొట్టేసిన.
ఆమె మోకాళ్ళు నాకు ఎరుకే,
బొర్రా గుహలల్ల దిగేటప్పుడు
నా భుజం కందిపోయింది.
కింద నిలబడి చూసినా అది చార్మినారే.

లాడ్‌బజార్ల లక్క గాజులు.
చెప్పిన ధరల సగం కాడ మొదలుపెట్టు.
రంగు ఆయన్ని అడుగు.
ఆయన చెప్పింది కొనకున్నా సరే,
అడుగు.

గోల్కొండకు వచ్చేసరికి సంబరమైంది.
కింద దర్వాజ కాడ చప్పట్లు కొడితే
పైన బాలా హిస్సార్ల వినపడ్తదని
గీత కొట్టి మరీ రాసిన.
అప్పుడు యాదికొచ్చింది.
ఆమె ఎక్కలేదు.
ఆయన ఎక్కుతడు, కని
రైసుమిల్లుల ముప్పై ఏండ్లు నిలబడ్డ చెవులు:
కుడిది జర, ఎడమది అసలే లేదు.
ఎవరు కొట్టాలె, ఎవరు వినాలె?

పెన్ను మూత కొరుక్కుంట కూసున్న.
మెషీన్ మీద ఎవరిదో పెండ్లి
వెయ్యి కాపీలు పడ్తున్నది దడదడ.
లతీఫ్ భాయ్ సిరా చేతులు తుడుచుకుంట
నా భుజం మీది నుంచి తొంగి చూసిండు.
"ఘడీ దిఖావ్ నా ఆపా."

గడియారం!
సాలార్‌జంగ్ మ్యూజియం, శుక్రవారం బంద్.
పన్నెండుకు పావుగంట ముందే పోయి కూసోండ్రి.
చిన్న బొమ్మ తలుపు తీసుకొని వచ్చి
గంట కొట్టి పోతది.
చెయ్యి లేసుడు ఆయనకు కనపడ్తది.
ఒక్కో దెబ్బకు నువ్వు ఆయన అరచేతుల
వేలుతోని ఒత్తు.

ఈ ముక్క కాడ ఆగిన.
ఇది బయటోళ్ళు చెప్పే మాటేనా?
కొట్టేయబోయి, ఉంచిన.

ఇరవై రెండేండ్లాయె ఈ గల్లీల,
ఆ గడియారం నేను చూసింది ఒక్కపారి,
ఆరో తరగతి పిల్లల గుంపుల.
ముందు నిలబడ్డ పొడుగు పిల్ల
రిబ్బన్లు తప్ప ఏం కనపడలె.

రెండో రోజు సాయంత్రం ఖాళీగున్నది.
మొజంజాహీ మార్కెట్, ఐస్‌క్రీమ్ అని
మొ వరకు రాసి ఆపిన.
తప్పిపోవాలన్నా, అలగాలన్నా,
పత్తర్‌గట్టి నీడల ఊకె నడవాలన్నా
వాళ్ళకు జర టైమ్ ఉండాలె గద.

ఆరు కార్డులు నిండినయ్.
అంచుల నా నంబరేసి రబ్బరు బ్యాండు పెట్టిన.
అయ్యో, గొడుగు మాట రాయనే లేదు.
ఆషాఢంల ఈ ఊరి వాన
చెప్పి రాదు.

ఏడో కార్డు తీసిన.