రెండు బోల్టుల పట్టు

జుబైల్. లేబర్ క్యాంపు క్లినిక్. రాత్రి రెండుంబావు.
సెంట్రిఫ్యూజ్ గుయ్యిమని గుయ్యిమని ఆగింది.
గొట్టం అడుగున ఎరుపు కూచుంది,
పైన తేటగా దుబ్బాక గంగరాజం సీరం
పలచని నిమ్మరసం రంగులో.

జ్వరం లేదన్నాడు.
నిజమే, నుదురు చల్లగానే ఉంది,
రెండు పెనడాల్ మింగి తెచ్చుకున్న చల్లదనం.
"పొద్దుగాల డ్యూటీకి పోవాలె మేడం.
ఒక్క నాగా పడితే రెండు దినాల పైసలు కోస్తడు."

నల్ల పలక మీద అతని చుక్క ఒకటి,
పక్కన పాలలాంటి లేటెక్స్ చుక్క ఒకటి.
పుల్లతో కలిపి అటూ ఇటూ వంచుతూ
రెండు నిమిషాలు.

పాలు విరిగాయి.

సగం నీళ్ళు కలిపినా విరిగాయి.
నాలుగో వంతుకి, ఎనిమిదో వంతుకి,
పదహారో వంతుకి కూడా
సన్నగా, గచ్చు మీద రాలిన ఇసుకలా.
ముప్పై రెండుకి గానీ పాలు పాలుగా నిలవలేదు.
పదహారు ఆర్లు తొంభై ఆరు.

కాలేయానికి ఫోర్‌మన్ ఎవరో తెలీదు.
పెనడాల్ మాట అది వినదు.
ఒంట్లో ఎక్కడో ఓ మూల కేక పుడితే
ఆరు గంటల్లో బట్టీ రాజేసి
ఒకటే వస్తువు పోత పోస్తుంది, రక్తంలోకి వదులుతుంది.
కేక ఎక్కడిదో మాత్రం నాకు చెప్పదు.
నిప్పుందని చెప్తుంది, అంతే.

"ఏమొచ్చింది మేడం?"

గ్లవ్స్ డబ్బా వెనక బొమ్మ గీశాను, ఎందుకో మరి,
ఆ వేళప్పుడు వినే మనిషి దొరకడమే అరుదు.
ఇదిగో ఐదుగురు, భుజానికి భుజం ఆనించి గుండ్రంగా,
మధ్యలో ఖాళీ.
ఐదుగురి చేతులూ ఒకవైపే చాచి ఉంటాయి.
ఒక్కో చేతిలో రెండేసి కాల్షియం.
అవి వెతికేది ఫాస్ఫోకోలిన్ అనే చిన్న ముక్కని.
దాని ఫాస్ఫేట్ కొస కాల్షియానికి చిక్కుతుంది,
కోలిన్ తోక పక్క గుంటలో ఒదుగుతుంది.
సూక్ష్మజీవి ఒంటి మీద ఉంటుందది,
మన కణాల గోడల్లోనూ ఉంటుంది,
గోడ బాగున్నన్నాళ్ళూ వీళ్ళ చేతికి అందదు,
చిరిగిన చోట బయటపడుతుంది.

ఇంత చెప్పి సిగ్గుపడ్డాను.
అతను బొమ్మని తిప్పి చూశాడు, మళ్ళీ తిప్పాడు.
"గిది క్లాంపు గద మేడం.
రెండు బోల్టులు. ఒక్కటి ఢీలైతే పైపు ఆగది."
గాల్లో పైపు పట్టి, గాల్లో స్పానర్ బిగించాడు.

అప్పుడు చూశాను కుడి అరచెయ్యి.
నల్లటి కరెంటు టేపు మూడు చుట్లు,
అంచుల్లో ఉబ్బిన ఎరుపు,
మణికట్టు దాటి పైకి పాకుతున్న గీత.

"ఎన్నాళ్ళైంది?"
"ఐదు దినాలు. కనవడదని చుట్టిన."

డాక్టర్ జెన్నిని నిద్ర లేపాను.
ఐదుగురి వీపులు రెండో వైపుకుంటాయని,
అటు నిలబడి ఇంకొకరిని పిలుస్తారని,
పట్టుకోవడం సగం పని, పిలవడం మిగతా సగమని
అతనికి చెప్పనే లేదు. టైమ్ లేకపోయింది.

నాలుగో రోజు వచ్చాడు, తెల్లటి గాజు కట్టుతో.
నాలుగో వంతుకి విరిగింది, ఎనిమిదికి విరగలేదు.
ఇరవై నాలుగు.
"గా ఐదుగురు ఏడ పోయిన్రు?"
పోయే వేగం వాళ్ళకెప్పుడూ ఒకటే,
పందొమ్మిది గంటలకి సగం మంది.
కొత్తవాళ్ళని పంపడం తగ్గింది, అందుకే తరిగారు.
"పనైపోతోంది, విప్పేస్తున్నారు" అన్నాను.

"కట్టుడు కన్న విప్పుడే కష్టం మేడం" అన్నాడు
పదకొండేళ్ళుగా రిఫైనరీ చుట్టూ ఇనుము కట్టి విప్పినవాడు.
ఎనిమిది దినాల పైసలు కోశారట.
దానికి నా దగ్గర పలక లేదు.

ట్రేలో ఇంకో గొట్టం ఉంది.
చెమటకి పేరు సగం చెరిగిపోయింది,
నంబరు మాత్రం చదవగలను.